తాడు పట్టేవాడు

గుండిగ అడుగున మాడిన అన్నం గీకుతున్న ఆమెకు వంటపాక వెనక నుంచి అడవి విడిది మేనేజరు గొంతు వినిపించింది.

"సాయంత్రానికి అతిథులు కొండ మీద ఉంటారు. నువ్వు దిగుతున్నావ్. అంతే."

"దిగుతానయ్యా. మా బామ్మర్దిని రానివ్వండి," అంటున్నాడు ఆమె భర్త.

ఆమె తమ్ముడు పొద్దుటి నుంచీ ఏటి మీదే ఉన్నాడు. పడవ నడిపేవాడికి జ్వరమొస్తే అతిథుల సామాను దాటించడానికి అతన్ని పంపారు.

"తాడు పట్టడానికి చుట్టరికం ఎందుకయ్యా? సంబంధం కలుపుకుంటున్నామా?" మేనేజరు నవ్వాడు.

ఆమె మసి చేతులతోనే బయటికి వచ్చింది.

ఎందుకో మేనేజరుకు తెలియక కాదు. విడిది గుమ్మం దగ్గర రంగుల బోర్డు మీద రాయించింది ఆయనే. తేనె కోసేవాడు కొండ అంచు నుంచి దిగితే, పైన తాడు పట్టేది అతని భార్య తోడబుట్టినవాడే. తన అక్క మొగుణ్ణి ఎవడూ జారవిడవడు. కిందివాడు "ఉన్నావా?" అని కేక వేస్తాడు. పైవాడు "ఉన్నా బావా!" అంటాడు. ఆ జవాబు వింటేనే కిందివాడు మరో అడుగు వేస్తాడు. ఈ రాతల పక్కనే తలపాగాతో నవ్వుతున్న ఆమె తమ్ముడి బొమ్మ.

అడవి చుట్టూ కంచె వేసిననాడు గూడెం పెద్దలు సంతోషంగా వేలిముద్రలు వేశారు. చెట్లు నరికేవాళ్లు పోతారు, చూడ్డానికి వచ్చేవాళ్లకు మీ అడవిని మీరే చూపిస్తారు, విడిది కూడా మీదే అన్నారు కంచె వేసినవాళ్లు. నరికేవాళ్లు నిజంగానే పోయారు. కానీ ఇప్పుడు కంచె దాటాలంటే మెడలో విడిది ఇచ్చిన బిళ్ల ఉండాలి. దుంప తవ్వాలన్నా బిళ్లే, ఎండుపుల్ల ఏరాలన్నా బిళ్లే.

"ఇష్టం లేకపోతే బిళ్ల ఇచ్చెయ్. ఏటి అవతలి గూడెం వాళ్లు కాచుక్కూర్చున్నారు," అన్నాడు మేనేజరు. కోపంగా కూడా అనలేదు. టీ తాగుతావా అన్నట్టు అన్నాడు.

ఆమె భర్త మెడలోని బిళ్లను తడుముకున్నాడు.

గేటు కాపలావాణ్ణి పిలిచి చొక్కా విప్పమన్నారు. బోర్డు మీద ఉన్నటువంటి తలపాగా చుట్టారు.

"ఇవాళ్టికి నువ్వే బామ్మర్దివి."

"సార్, ఎత్తు చూస్తే నాకు కళ్లు తిరుగుతాయి."

"దిగేది నువ్వు కాదుగా! పట్టుకోవడమేగా!" మేనేజరు ఆమె వైపు తిరిగాడు. "నువ్వూ రా అమ్మా. అక్క పక్కనుంటే ఫోటో నిండుగా ఉంటుంది."

కొండదారిలో ఆమె భర్తకు దగ్గరగా నడిచింది.

"వద్దు మావా."

"వద్దంటే రేపట్నించి ఎటు పోదామే? నిన్ను చేసుకున్నదే నీ తమ్ముడి చేతులు చూసి," అని నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

అంచున తాడును చెట్టు మొదలుకు ఓ చుట్టు చుట్టి ఇవతలి తాడు కాపలావాడి చేతికిచ్చారు. ఆమె భర్త ఒకసారి తాడు లాగి చూసుకుని, ఆమె వైపు చూడకుండా దిగాడు. అతని తల అంచు కింద మాయమైంది. కాసేపటికి లోయలోంచి కేక వచ్చింది.

"ఉన్నావా?"

కాపలావాడు దిక్కులు చూశాడు.

"చెప్పరా!" మేనేజరు పళ్ల మధ్య నుంచి అన్నాడు.

"ఉన్నా... బావా."

తాడు చాలాసేపు కదల్లేదు. ఆ తర్వాత, గత్యంతరం లేనట్టు, కొంచెం కిందికి జారింది.

టోపీ పెట్టుకున్న అతిథి ఒకావిడ ఆమెను చూసి తమ భాషలో ఏదో అడిగింది.

"ఇతను నీ తమ్ముడేనా అంటోంది. అవునని తలూపు," అన్నాడు మేనేజరు.

ఆమె ఏటి వైపు చూసింది. పెట్టెలతో నిండిన పడవ దూరంగా గింజంత కనబడుతోంది. అందులో నిలబడి గెడ వేస్తున్నది తమ్ముడే.

"కాదు," అంది. విడిదిలో చేరాక మేనేజరు ముందు ఆ మాట అనడం అదే మొదలు. "మా తమ్ముడు అదుగో, ఏట్లో ఉన్నాడు. ఈయన గేటు దగ్గరాయన."

మేనేజరు మొహంలో నవ్వు చెదరలేదు. అతిథుల వైపు తిరిగి వాళ్ల భాషలో తీయగా ఏదో చెప్పాడు. అందరూ "ఆహా" అన్నట్టు తలలూపారు. చప్పట్లు కొట్టారు. టోపీ ఆవిడ కాపలావాడి భుజం తట్టి కెమెరా ఎత్తింది. అతను బెరుగ్గా కెమెరా వైపు తిరిగాడు.

"ఉన్నావా?"

ఎవరూ పలకలేదు.

"ఉన్నావా?"

ఆమె కాపలావాడి వెనక నేల మీద పడి ఉన్న తాడు కొసను అందుకుంది. నడుముకు రెండు చుట్లు చుట్టుకుంది. కూలబడి రాతికి మడమలు తన్నిపెట్టింది.

"ఏయ్, ఫోటోలో అడ్డం!" అన్నాడు మేనేజరు.

"ఉన్నా మావా! నేనున్నా!" అని అరిచింది ఆమె.

ఆమె గొంతును నమ్మి అడుగు వేయాలో, ఆమె బలం తెలిసి ఆగాలో కింద ఉన్న అతనికి తెలియడం లేదు కాబోలు. తాడు పైకీ రాలేదు, కిందికీ పోలేదు. ఆమె నడుము దగ్గర సన్నగా వణుకుతూ ఉండిపోయింది.