ఆమేన్ అనేదాకా

మా చర్చిలో ప్రార్థన మొదలైతే, ఆమేన్ అనేదాకా ఎవరూ కళ్ళు తెరవకూడదు. ఇది మా పెద్దనాన్న పెట్టిన కట్టడి. ఆయన వృత్తికి వడ్రంగి, మా సంఘానికి పెద్ద. పాస్టరుగారు రిటైరై వెళ్ళిపోయాక ప్రసంగం, ప్రార్థన, చివర్లో ఫ్యాన్లు ఆపడం అన్నీ ఆయనే. నేను హార్మోనియం వాయిస్తాను. నా పెట్టె వేదిక పక్కన జనం వైపు తిరిగి ఉంటుంది కాబట్టి, అందరి మొహాలూ, వాళ్ళ వెనక వీధి తలుపూ నాకు బాగా కనిపిస్తాయి. ఇక కళ్ళు మూసుకోవడం అంటారా, అది నావల్ల కాని పని. చిన్నప్పుడు పెద్దనాన్న తొడపాశం పెట్టినా మానలేదు. కడుపులో ఉన్నప్పటి నుంచే ఆరాలు తీసేదాన్నని మా అమ్మ అనేది.

ఆ వారం మా అందరి గుండెల్లో రాయి పడింది. ఈ చుట్టుపక్కల మా చర్చిలన్నిటికీ పైన ఉండే అధ్యక్షులుగారు ఫోన్ చేసి, మీ సంఘం బాగా పలచబడింది, మార్కెట్ దగ్గరి పెద్ద చర్చిలో కలిపేద్దామనుకుంటున్నాం అన్నారు. ఆదివారం తానే వస్తానని, ముందు ముందు ఈ సంఘం ఏం కావాలో దేవుడు మీకు చూపించి ఉంటే చెప్పమని, లేదంటే తాళాలు అప్పగించమని అన్నారు. మాట మెత్తగానే ఉంది. పెద్దనాన్న ఫోన్ పెట్టేసి చాలాసేపు బెంచీలు తుడుస్తూ ఉండిపోయారు. ఆ బెంచీలన్నీ ఆయన చేత్తో చిత్రిక పట్టినవే.

దేవుడు చూపించే ఆ దర్శనం కోసం వారమంతా సాయంత్రాలు ఉపవాస ప్రార్థనలు పెట్టారు. కళ్ళు మూసుకున్న మొహాల్లో ఎవరికి ఏం కనబడుతోందా అని నాకు ఒకటే ఆత్రం. మా అత్తకు మేడ మీద మేడ కట్టిన చర్చి కనిపించిందట. లెక్కల మాస్టారికి కొత్త మైకులు కనిపించాయట. ఆయన గురక నేను విన్నాను, అది వేరే సంగతి. పెద్దనాన్నకు మాత్రం ఏమీ కనపడలేదు. ఆ మాట ఆయన తలొంచుకుని చెప్పారు.

నాకు మాత్రం తలుపు దగ్గర ఒకామె కనిపించింది. చేతిలో ఫ్లాస్కు. గడప మీద ఒక కాలు పెట్టి, లోపల అందరినీ చూసి, కాసేపు నిలబడి వెళ్ళిపోయింది. మర్నాడు చంకలో దిండు పెట్టుకుని ఒకాయన వచ్చి, ఆయనా అలాగే వెళ్ళిపోయాడు. ఆ తర్వాత సాయంత్రం మళ్ళీ ఫ్లాస్కు ఆమె. ఇక నాకు కాలు నిలవలేదు. ప్రార్థన మధ్యలోనే పిల్లిలా లేచి బయటికెళ్ళాను.

"మీవాళ్ళెవరైనా పోయారామ్మా?" అని అడిగిందామె మెల్లగా.

లేదు, ప్రార్థన చేసుకుంటున్నారని చెప్పి, ఎందుకొచ్చి వెళ్ళిపోతున్నారని అడిగాను.

"కాసేపు కూర్చుందామని. పొద్దునా సాయంత్రం డాక్టర్లు వచ్చే వేళకి ఎదురుగా ఉన్న ఆ ఆసుపత్రిలో మమ్మల్ని వార్డులోంచి పంపేస్తారు. మెట్ల మీద చోటుండదు. మీ బెంచీలు ఖాళీగానే ఉంటాయి. అడుగుదామంటే ఒక్కరూ కళ్ళు తెరవరు."

నేను రమ్మనేలోపే మొహమాటపడి వెళ్ళిపోయింది. ఇంటికొచ్చి పెద్దనాన్నకు అంతా చెప్పాను. ఆయన మొదట అడిగింది, నువ్వు కళ్ళెందుకు తెరిచావని. నాకు ఒళ్ళు మండింది.

"మనం కళ్ళు మూసుకుని దర్శనం ఇమ్మని అడుగుతుంటే, గుమ్మం దాకా వచ్చినవాళ్ళు వెనక్కి పోతున్నారు పెద్దనాన్నా."

అన్నాక నాలుక కరుచుకున్నాను. ఆయనతో అంత మాట నేనెప్పుడూ అనలేదు. ఆయన తన గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నారు.

ఆదివారం అధ్యక్షులుగారు వచ్చి ముందు బెంచీలో కూర్చున్నారు. తాళాల గుత్తి బల్ల మీదే ఉంది. పెద్దనాన్న ఎప్పుడూ వేదిక వైపు తిరిగి మోకరిస్తారు. ఆ రోజు జనం వైపు తిరిగి మోకరించారు. అందరూ కళ్ళు మూసుకున్నారు. నేను మూసుకోలేదని వేరే చెప్పాలా? చూస్తే, పెద్దనాన్న కళ్ళు బార్లా తెరిచి ఉన్నాయి. మా చూపులు కలిశాయి. తిడతారేమో అనుకున్నాను. ఆయన ప్రార్థన ఆపకుండానే చూపుతో తలుపు చూపించి, ఆమె వచ్చిందా అన్నట్టు కనుబొమలెగరేశారు. నేను తల అడ్డంగా ఊపాను.

ఆయన ప్రార్థన సాగదీశారు. రోగుల కోసం, ప్రయాణాల్లో ఉన్నవాళ్ళ కోసం, కారుతున్న పైకప్పు కోసం. ఇక చెప్పడానికేమీ మిగల్లేదు. అప్పుడు గడప దగ్గర ఫ్లాస్కు కనిపించింది.

పెద్దనాన్న మాట మధ్యలో ఆపేసి, బెంచీ పట్టుకుని లేచి నడిచారు. ఆమేన్ అనలేదు కాబట్టి ఎవరూ కళ్ళు తెరవలేదు. అధ్యక్షులుగారి రెప్పలు కొట్టుకున్నాయి గానీ, ఆయన కూడా కట్టడి తప్పలేదు. పెద్దనాన్న ఆమెను తీసుకొచ్చి అధ్యక్షులుగారి పక్కనే కూర్చోబెట్టారు.

"ఆసుపత్రిలో ఎవరున్నారమ్మా?"

"మా ఆయనండీ. ఆపరేషన్ అయింది. ఇంకా స్పృహ రాలేదు."

ఆయన ఆమె ముందే మోకరించి, ఆమె భర్త కోసం ప్రార్థించి, అప్పుడు ఆమేన్ అన్నారు. కళ్ళు తెరిచిన మా అత్త ఆమెను చూసి ఉలిక్కిపడింది.

అధ్యక్షులుగారు ఆమెనూ పెద్దనాన్ననూ మార్చి మార్చి చూసి, "మీకు దేవుడేం చూపించాడు?" అని అడిగారు.

"ఈ అమ్మను చూపించాడండీ. ఇంకా ఎవరెవరిని చూపిస్తాడో తెలీదు. చూస్తూ ఉంటాను."

అధ్యక్షులుగారు ఏదో అనబోయారు. ఈలోగా వార్డులోకి వదిలే వేళైందని ఆమె లేచింది. ఫ్లాస్కు చేతిలోకి తీసుకున్నది కాస్తా, ఏమనుకుందో మళ్ళీ బెంచీ మీదే పెట్టింది.

"సాయంత్రం వస్తాను. ఈ చోటు ఇంకెవరికీ ఇవ్వకండేం" అని గబగబా వెళ్ళిపోయింది.

మా బెంచీల్లో తన చోటు ఉంచమని ఒకరు అడిగి ఎన్నేళ్ళైందో. పెద్దనాన్నకు కళ్ళనీళ్ళు ఆగలేదు. అధ్యక్షులుగారు బల్ల దగ్గరికి వెళ్ళి, తాళాల గుత్తి తీసి ఆయన చేతిలో పెట్టి, సాయంత్రం దాకా తాను కూడా ఉంటానన్నారు.