ఐదో రోజు గాలి

తెల్లవారుజామున ఆ ఆస్పత్రి మూడో అంతస్తులో ఒక ఉరుము ఉరిమింది.

కిటికీ అద్దాలు గలగలలాడాయి. సెలైన్ సీసాలు ఉయ్యాలలూగాయి. పక్క వార్డులో రెండు రోజులుగా కళ్ళు తెరవని రోగి లేచి కూర్చుని, వాన మొదలైందా అని అడిగాడు.

ఆకాశంలో మబ్బు తునక లేదు.

ఉరిమింది పెద్ద టీచరమ్మ పొట్ట.

అంతకుముందు నాలుగు రోజులు ఆ పొట్టలో ఆకు కదలలేదు...

పేగు మెలిక పడితే కోసి సరిచేశారు. కుట్లు వరసగా పడ్డాయి. ఆ మాట అన్నది ఆమె భర్త. నలభై ఏళ్ళుగా బట్టలు కుట్టే దర్జీ. కుట్టు చూసి కుట్టిన చేతి సంగతి చెప్పగలడు.

కానీ పేగులు నిద్ర లేవలేదు.

అలా జరుగుతుందట. కత్తి తగిలిన పేగు అలిగి పడుకుంటుందట — అత్తారింటికి వచ్చిన కొత్తల్లుడిలా. పొట్ట ఉబ్బింది. ముక్కులో గొట్టం. నోట్లో చుక్క నీళ్ళు పొయ్యకూడదు.

ఒక్క గాలి. అంతే కావాలి. ఒక్క గాలి.

"గ్యాస్ పోయిందా టీచర్?" పెద్ద డాక్టరు అడుగుతాడు.

"పోయిందా అమ్మా?" నర్సు అడుగుతుంది.

గది తుడిచే ఆమె చీపురు ఆపి అడుగుతుంది. తోడికోడలు ఫోన్లో అడుగుతుంది.

ముప్ఫై ఏళ్ళు హెడ్మిస్ట్రెస్‌గా చేసిన మనిషి. ఆమె గుమ్మంలో నిలబడితే మూడొందల మంది పిల్లలు దగ్గు కూడా మింగేవారు.

"పెళ్ళినాడు కూడా నా గురించి ఇంతమంది అడగలేదు" అంది మొగుడితో, పళ్ళు కొరుకుతూ.

"అప్పుడు అడగాల్సింది నన్ను" అన్నాడు దర్జీ. ఆమె నవ్వలేదు.

ఐదో రోజు పొద్దున పెద్ద డాక్టరు స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నాడు.

"పోయిందా టీచర్?"

"లేదు."

డాక్టరు దర్జీని పక్కకు పిలిచాడు. లోపల ఎక్కడో అడ్డం పడినట్టుందన్నాడు. మళ్ళీ తెరవాల్సి రావచ్చు. టీచర్ తట్టుకుంటారో లేదో మాటివ్వలేను బాబాయ్, అన్నాడు. సంతకానికి కాగితం ఇచ్చి వెళ్ళాడు.

దర్జీ మంచం పక్కన కూర్చున్నాడు.

కళ్ళజోడు లేకుండా సూదిలోకి దారం ఎక్కించే మనిషికి, సంతకం చెయ్యాల్సిన గీత కనిపించలేదు. కాగితం మీద చుక్క పడింది.

సిరా కాదు.

ఆమె చూసింది. పైకప్పు కేసి తిరిగింది. ఫ్యాను మూడుసార్లు... నాలుగుసార్లు తిరిగింది.

"ఏమండీ. ఆ కాగితం పక్కన పెట్టండి."

"ఎందుకే?"

"తెల్లారుజామున... అయింది."

"ఏమయింది?"

"అపానవాయువు" అంది, పాఠం చెప్పే గొంతుతో. "రెండుసార్లు."

దర్జీ కాగితం పక్కన పెట్టాడు.

అద్దాలు గలగలలాడలేదని ఇప్పుడు ఒప్పుకోవాలి. సీసాలు ఊగలేదు. పక్క వార్డు రోగి ఇంకా పడుకునే ఉన్నాడు, పాపం. దారం తెగినంత చప్పుడు, అంతే. పక్క కుర్చీలో కునుకు తీస్తున్న మొగుడికే వినబడలేదు.

"మరి లేదన్నావేమే! కోసేసేవాళ్ళు కదే నిన్ను!"

"ఆ డాక్టరు నా దగ్గర ఏడో తరగతి చదివాడు." ఆమె దుప్పటి అంచు పైకి లాక్కుంది. "క్లాసులో ఆ పని చేశాడని బెంచీ ఎక్కించాను. వాడి ముందు ఎలా చెప్పనండీ?"

దర్జీ లేచాడు. చెప్పులు మరిచాడు. వరండా అంతా పరుగు — "పోయింది! మాకు పోయింది!"

డాక్టరు వచ్చాడు. పొట్ట మీద స్టెతస్కోపు పెట్టాడు. వెనకే నర్సు, గది తుడిచే ఆమె వచ్చి నిలబడ్డారు.

పొట్టలో ఎక్కడో రాళ్ళ కింద వాగు కదిలింది... గుడగుడ... గుడగుడ...

డాక్టరు ముఖం విచ్చుకుంది. కాగితం తీసుకుని రెండుగా చింపాడు.

"ఇప్పుడు బెంచీ ఎవరెక్కాలి టీచర్?"

నర్సు నవ్వింది. గది తుడిచే ఆమె నవ్వుతూ చీపురు జారవిడిచింది. టీచరమ్మ పకపకా నవ్వింది — తొలకరికి పొంగిన వాగులా, ఒడ్డు దాటి, వరండా దాటి నవ్వింది.

ఇది కూడా కల్పించి చెప్పిందే. ఆమె పకపకా నవ్వలేదు.

ఐదు రోజుల కుట్లతో ఎవరు నవ్వగలరు? దిండును పొట్టకు అదుముకుంది. పెదవి కొరుక్కుంది. కళ్ళు గట్టిగా మూసుకుంది. భుజాలు మాత్రం ఎగిరెగిరి పడుతున్నాయి...

"నవ్వకే, కుట్లు" అంటున్నాడు దర్జీ, ఆమె చేతిని పట్టుకుని.

"మీరు ముందు ఆపండి" అంటోంది ఆమె.