ఫోన్ నంబరు వద్దు

వెబ్‌సైట్‌లు తయారుచేసే పనిలోకి వచ్చి పదకొండేళ్ళయింది. రంగు నచ్చలేదన్నవాళ్ళని చూశాను, అక్షరాలు చిన్నవిగా ఉన్నాయన్నవాళ్ళని చూశాను, తమ ఫొటో ఇంకాస్త పెద్దది చెయ్యమన్నవాళ్ళకైతే లెక్కే లేదు. ఫోన్ నంబరు పెట్టొద్దన్న మనిషిని మాత్రం మా వదిననే చూశాను.

మా వదిన వంట బడి నడుపుతుంది. ఒక మేడ కింద పొడుగాటి హాలు, ఎనిమిది స్టవ్‌లు, ఎనిమిది బల్లలు, గోడ నిండా గరిటెలు, కొలత గిన్నెలు. కత్తి పట్టుకోవడం రానివాళ్ళు ఆరు వారాల్లో నలుగురికి వండిపెట్టి పంపించేంతవాళ్ళవుతారు. పన్నెండేళ్ళుగా నడుస్తోంది. ఒకప్పుడు సీటు కావాలంటే నెల ముందు చెప్పుకోవాల్సి వచ్చేది. ఈ ఏడాది ఏమైందో మనుషులు పలచబడ్డారు. పోయిన బ్యాచ్‌కి ముగ్గురే వచ్చారు. "మీ వదిన ఫోన్ ఎత్తదండీ" అని నా మొహం మీదే ఇద్దరు అన్నారు. పొగరు పెరిగిందేమోనని నాక్కూడా ఒక మూల అనుమానం.

ఒకరోజు మధ్యాహ్నం నన్ను పిలిచి కూర్చోబెట్టింది.

"ఈసారి ఎనిమిది మందీ రాకపోతే బడికి తాళం వేసేస్తానే, తొందరమ్మా."

తొందరమ్మ నా పేరు కాదు. నాకు నిలకడ లేదని వదిన పెట్టిన పేరు. నిజంగానే లేదు. ఆ తాళం మాట వినగానే లేచి హాలంతా రెండుసార్లు తిరిగాను.

"కూర్చో, నాకు ఎదురుగా కూర్చో. నువ్వలా తిరుగుతుంటే నాకు మాట్లాడబుద్ధి కాదు. నాకొక వెబ్‌సైట్ చేసిపెట్టు. కావలసినవాళ్ళు అందులోనే సీటు బుక్ చేసుకోవాలి. నన్నేమీ అడగక్కర్లేకుండా."

"అదెంత పని? వారంలో చేస్తా. నీ నంబరు పైన కుడిపక్కన పెద్దగా పెడతా."

"నంబరు వద్దు."

"వద్దంటే?"

"వద్దంటే వద్దనే. ఏదన్నా అడగాలంటే రాసి అడగమను. నేనూ రాసి చెప్తాను."

"వదినా, ఎవరైనా సరే ముందు ఒక మనిషి గొంతు వినాలనుకుంటారు. ఆడపడుచు అర్ధమొగుడంటారు, ఒక్కసారి నా మాట విను."

"పూర్తి మొగుడితోనే వేగలేక చస్తున్నా, మళ్ళీ ఈ అర్ధమొకటా నాకు?"

ఇద్దరం నవ్వుకున్నాం. నంబరు సంగతి అక్కడితో ముగిసిందని ఆమె అనుకుంది. నాకు ముగియలేదు. ఇంటికి వెళ్తూ దారిలో అన్నయ్య కొట్టు దగ్గర ఆగాను. రెండు వీధుల అవతల చెప్పుల కొట్టు మా అన్నయ్యది. వదిన ఎందుకిలా ఉందని అడిగితే వాడు ఇంకా దిగులుపడ్డాడు.

"నాతో మాత్రం ఏం మాట్లాడుతోంది? పక్క గదిలోంచి పిలిస్తే పలకదు. ఏమైంది నీకని ఒకరోజు కేకలేశాను కూడా. నా వల్ల ఏం తప్పు జరిగిందో చెప్తే కదా దిద్దుకునేది!"

వాడు ఒక కాలికి సరిపోయిన చెప్పుకి జత వెతుకుతూ ఈ మాటన్నాడు. నాకు వదిన మీద కోపం వచ్చింది.

కోపంలోనే సైట్ పూర్తిచేశాను. కోపంలో నాకు పని బాగా నడుస్తుంది. క్యాలెండరు, ఎనిమిది సీట్లు, సీటు నిండగానే దానంతటది బూడిదరంగులోకి మారిపోయే ఏర్పాటు, వదిన కత్తి పట్టుకుని ఉల్లిపాయ తరుగుతున్న ఫొటో. సోమవారం పొద్దున తెరిచాం. సాయంత్రానికి ఒక్క సీటు. మంగళవారం ఇంకొకటి. బుధవారం మధ్యాహ్నానికి మూడు. పొయ్యి మీది పాలలా అయింది నా పని. అయిదు నిమిషాలకోసారి చూడ్డం, లేవడం, కిటికీ దాకా వెళ్ళడం, మళ్ళీ వచ్చి చూడ్డం. కాలు కాలిన పిల్లిలా ఆ గదిలో ఎన్నిసార్లు తిరిగానో నాకే తెలియదు. వేరే వాళ్ళ పని ఒకటి సగంలో ఆగి ఉంది, దాని జోలికే పోలేదు. శనివారం క్లాసు మొదలు. మిగతా అయిదు సీట్లు నిండకపోతే తాళమే. నిండకపోవడానికి కారణం నాకు తెలుసు. నంబరు లేకపోవడం.

బుధవారం మూడున్నరకి నంబరు పెట్టేశాను. పైన, కుడిపక్కన, పెద్దగా. వదినకి చెప్పలేదు. చెప్తే వద్దంటుంది కాబట్టే చెప్పలేదు. పెట్టాక ఎంత తేలిగ్గా అనిపించిందంటే, ఆ పూట ఆగిపోయిన పని కూడా పూర్తిచేశాను. పెద్ద ఘనకార్యం చేశాననుకున్నాను.

శుక్రవారానికి సైట్‌లో మొత్తం అయిదు సీట్లే నిండాయి. ఫరవాలేదు, ఇంకో ఇద్దరు ముగ్గురు ఫోన్ చేసి ఉంటారులే అనుకున్నాను.

శనివారం క్లాసు ఫొటోలు తీద్దామని పదికి పది నిమిషాల ముందు వెళ్ళాను. గుమ్మం దగ్గర జనం. లెక్కపెట్టాను. పద్నాలుగు మంది. వాళ్ళు కాక నిచ్చెన భుజానేసుకుని ఒక పెయింటరు.

"గోడలకి రంగులేయించుకుంటారా అని ఫోన్ చేశానండీ. సరే, శనివారం పదింటికి రండి అన్నారు," అన్నాడు పెయింటరు.

"నేను పెద్దవాళ్ళకి సాయంత్రం క్లాసు ఉందా అని అడిగాను. శనివారం పదింటికి రండి అన్నారు," అందొక పెద్దావిడ.

"నేను ఫోన్ చేసింది సీటు వద్దని చెప్పడానికి," అన్నాడింకొకాయన. "అయినా తప్పకుండా రండి అన్నారు. అంత ప్రేమగా పిలిస్తే రాకుండా ఎలా ఉంటాం?"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఉన్నవి ఎనిమిది స్టవ్‌లు. అడిగిన ప్రతివాళ్ళకీ సరే అనేస్తే ఎక్కడ నిలబెడుతుంది? ఇంత మొండితనమా, నేను నంబరు పెట్టినందుకు కక్ష తీర్చుకుంటోందా? వదిన మాత్రం గుమ్మంలోకి వచ్చి అందరినీ చూసి ఒక్క క్షణం తెల్లబోయి, వెంటనే తేరుకుని, ఇద్దరికో స్టవ్ చొప్పున సర్దేసి క్లాసు మొదలుపెట్టేసింది. పెయింటరు బయట అరుగు మీద కూలబడ్డాడు. నేనతని పక్కన నిలబడి కిటికీలోంచి లోపలికి చూస్తున్నాను.

అందరికీ ఒకే జవాబు ఎలా ఇస్తుంది? అసలు ఫోన్లో ఏం మాట్లాడుతోందో నా చెవులతో నేను వినాలనిపించింది. నా నంబరు చూస్తే జాగ్రత్తపడుతుంది. పెయింటరు ఫోన్ అడిగి తీసుకుని కలిపాను.

కిటికీ అవతల వదిన ఏప్రాన్ జేబు మీద చెయ్యి పడింది. ఫోన్ తీసి చూసింది. ఆ మొహం నేను ఎన్నడూ చూడలేదు. భయపడింది. ఫోన్ మోగితే భయపడే మనిషిని నేను అప్పుడే చూశాను. ఒక మూలకి వెళ్ళి చెవి దగ్గర పెట్టుకుంది.

"వదినా, నేనే. బయటే ఉన్నాను."

"సరే. శనివారం పదింటికి రండి."

"ఇవాళే శనివారం వదినా. నేను వదినా, తొందరమ్మని."

"సరే, తప్పకుండా రండి. ఉంటాను."

పెట్టేసింది. నా చేతిలో ఫోన్ ఉందన్న సంగతి పెయింటరు అడిగేదాకా గుర్తురాలేదు. పద్నాలుగేళ్ళుగా నా గొంతు ఎరిగిన మనిషి, నన్ను ఎవరో అనుకుని మర్యాదగా రమ్మంది.

లోపలికి పరిగెత్తాను. వదిన మొదటి బల్ల దగ్గర కత్తి పట్టు చూపిస్తోంది. ఆమె వెనక, ఆరో స్టవ్ మీద మూకుట్లో నూనె పొగలు కక్కుతోంది. "టీచర్!" అంటోంది ఒకమ్మాయి. "టీచర్! టీచర్!" మూడోసారి దాదాపు అరిచింది. వదిన తల తిప్పలేదు. నేను వెళ్ళి స్టవ్ ఆపి మూత పెట్టాను. ఎదుటివాళ్ళ చూపులన్నీ ఎటు వెళ్ళాయో చూసి అప్పుడు తిరిగింది. మూకుడు చూసింది, నన్ను చూసింది. నాకు తెలిసిపోయిందని ఆమెకి తెలిసిపోయింది.

క్లాసు మాత్రం ఆపలేదు. ఆ గంటన్నరా గోడకి ఆనుకుని చూస్తూ నిలబడ్డాను. నా జన్మలో అంతసేపు కదలకుండా ఉన్నది అదే మొదలు. ప్రతివాళ్ళనీ తనకి ఎదురుగా తిప్పుకుని మాట్లాడుతోంది. వాళ్ళ పెదాలనే చూస్తోంది. మొన్న నన్ను ఎదురుగా కూర్చోమన్నదెందుకో, గదుల్లోంచి పిలిస్తే అన్నయ్యకి పలకనిదెందుకో ఒక్కొక్కటే అర్థమవుతుంటే సిగ్గుతో చచ్చిపోయాను.

అందరూ వెళ్ళాక తలుపు వేసి వచ్చి నా ముందు కూర్చుంది.

"ఎన్నాళ్ళనించి?"

"ఏడాదిన్నర. ఎడమది ముందే పోయింది. కుడిది ఇప్పుడు పోతోంది. మనిషి ఎదురుగా ఉంటే నెట్టుకొస్తా. ఫోన్లో మాత్రం ఏమీ తెలీదే. ఏదో గాలి వచ్చినట్టుంటుంది, అంతే."

"మరి చెవి మిషన్?"

"పెట్టుకుని చూశా. గిన్నెల చప్పుడు తప్ప మనిషి మాట అందలేదు. తీసి బీరువాలో పడేశా. మీ అన్నయ్యకి కూడా చెప్పలేదు. రేపు చెప్దాం, రేపు చెప్దాం అనుకుంటూనే ఇంతదాకా వచ్చింది."

"నంబరు నేనే పెట్టాను వదినా."

"తెలుసు. మొదటి ఫోన్ జేబులో వణకగానే తెలిసింది. ఎందుకు పెట్టావని అడుగుదామనుకున్నా. అడిగితే ఎందుకు వద్దో చెప్పాలిగా! ఎత్తకపోతే బడి పోతుంది, ఎత్తితే పరువు పోతుంది. సరే రండి అంటే ఎవరికీ కోపం రాదు కదా అని అదొక్కటీ పట్టుకున్నా."

నేను ఏడ్చేశాను. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. నేను తొక్కిన అడుసు ఆమె కాళ్ళకి అంటింది. అక్కడే లాప్‌టాప్ తీసి నంబరు తీసేశాను. తీసేసినా ఆ నూనె పొగ నా కళ్ళముందే ఉంది. ఆమె కళ్ళముందూ ఉన్నట్టుంది.

"ఇవాళ నువ్వు లేకపోతే ఆ పిల్ల చెయ్యి కాలేది," అంది. "తాళం వెయ్యడమే మంచిది."

"తాళమెందుకు? చెప్పేద్దాం. సైట్‌లోనే రాద్దాం. నీకు వినపడదని తెలిసుంటే ఆ అమ్మాయి వచ్చి నీ భుజం తట్టేది."

"చెవిటిదాని దగ్గర వంట నేర్చుకోడానికి ఎవరొస్తారే, పిచ్చిదానా?"

"ఏమో, నాకూ తెలీదు. రాకపోతే అప్పుడు వేద్దువుగాని తాళం. ఎవరూ వెళ్ళగొట్టకముందే నువ్వే లేచిపోతానంటే ఎలా?"

నేనింక పోరలేదు. ఈసారి ఆమె సరే అనేదాకా ఒక్క అక్షరం కూడా కొట్టకూడదని చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. నాలాంటిదానికి అదెంత శిక్షో ఎవరికి చెప్పుకోను?

"రాయి చూద్దాం," అంది చివరికి.

'మా టీచరుకు వినికిడి కాస్త తక్కువ' అని కొట్టి చూపించాను.

"కాస్త తక్కువేంటి, కూరలో ఉప్పులాగా? చెవుడు అని రాయి. వెనకనించి పిలవొద్దు, ఎదురుగా వచ్చి చెప్పండి, లేదా భుజం తట్టండి అని రాయి. స్టవ్‌కి ఒక్కరే అని కూడా రాయి."

రాశాను. రెండుసార్లు చదువుకుంది. సైట్‌లో పెట్టే బటన్ మీదికి నా వేలు వెళ్తుంటే పట్టుకుని ఆపింది.

"ముందు ఆయనకి చెప్పాలి. ఊరంతా చదివాక మొగుడికి తెలియడమేంటి?"

"సాయంత్రం ఇంటికొచ్చాక చెప్పు."

"సాయంత్రానికి ఈ ధైర్యం ఉండదు. నాకు నేను తెలీదా? ఫోన్ కలిపివ్వు."

కలిపాను. అన్నయ్య "హలో" అన్నాక తలూపి ఆమెకిచ్చాను.

"ఏమండీ, నేను. మీరేమంటున్నారో నాకు వినపడదు, అందుకని నన్నే చెప్పనివ్వండి. నాకు చెవుడొచ్చింది. ఏడాదిన్నరయింది. మీరు పిలిచినప్పుడు పలకనిది కోపంతో కాదు. మీ తప్పేమీ లేదు. ఇప్పుడు కూడా మీరేం అంటున్నారో నాకు తెలీదు. ఏమన్నా నా ఎదురుగా వచ్చి అనండి."

గబగబా ఫోన్ నా చేతిలో పెట్టేసింది. "ఏమంటున్నారు? కోప్పడుతున్నారా?"

"అన్నయ్యా?" అన్నాను. ఎవరో బేరానికి వచ్చినట్టున్నారు, వాళ్ళతో "ఇవాళ్టికి లేదండీ, మూసేస్తున్నాను" అనడం దూరంగా వినపడింది. గొంతు బాగా లేదు. ఆ తర్వాత షట్టరు బర్రుమని కిందికి దిగిన చప్పుడు. ఫోన్ పెట్టెయ్యాలన్న ధ్యాస కూడా లేదు వాడికి.

వదిన ఎదురుగా వెళ్ళి నిలబడి, జీవితంలో మొదటిసారి తొందరపడకుండా, ఒక్కొక్క మాటా చెప్పాను.

"కోపం లేదు. కొట్టు మూసేసి వస్తున్నాడు."

పొద్దున కొట్టు తెరిచాడంటే పండక్కి కూడా మధ్యాహ్నం మూయని మనిషి వాడు. ఆ సంగతి నాకంటే ఆమెకే బాగా తెలుసు. గబుక్కున లేచి కుళాయి తిప్పి మొహం కడుక్కుని, ఏప్రాన్ అంచుతో తుడుచుకుంటూ వచ్చి నా పక్కన కూలబడింది.

"రెండు వీధులే కదే, పది నిమిషాల్లో వచ్చేస్తారు. ఆయన మొహం చూశానంటే ఏడుపు తప్ప ఇంకే పనీ కాదు నా వల్ల. ముందు దీన్ని నొక్కేద్దాం. ఏదే ఆ బటను?"

చూపించాను.