కదిలే గంగమ్మ

పర్యాటకుల మ్యాపులో పాత గుళ్ల చోట్లు నమోదు చేయడం నా ఉద్యోగం. వాటిని బ్లాక్‌చెయిన్ అనే కంప్యూటర్ పుస్తకంలో రాస్తాం. ఒకసారి ఎక్కితే ఎవరూ చెరపలేరు. శ్రీకాకుళం తీరంలో ఒక మత్స్యకార పల్లెకు వెళ్లి, గంగమ్మ రాయి ముందు ఆ మాటే గొప్పగా చెప్పాను.

పూజ చేసే గున్నమ్మ నవ్వింది. "అమ్మోరు ఒక్క సోటే ఉంటాదేటి పాపా? సముద్రం ముందుకొచ్చినప్పుడల్లా మేమే ఎత్తి ఎనక్కి పెడతాం. ఇది నాలుగో సోటు."

నాకు ఒళ్లు మండింది. చెరగని పుస్తకానికి కదిలే దేవత దొరికింది! "మారినప్పుడల్లా కొత్త చోటు కింద రాస్తాం మామ్మా. పాతది మాత్రం అలాగే ఉంటుంది" అన్నాను.

గున్నమ్మ నవ్వు ఆగిపోయింది. నా చెయ్యి పట్టుకుని నీళ్ల అంచుకు లాక్కెళ్లింది. దూరంగా అలల మీద ఊగుతున్న పడవను చూపించింది.

"మొదటి సోటు అక్కడ. పక్కనే మా ఇల్లుండేది. అదీ నీ పుస్తకంలో రాయి."

ఫోనులోని మ్యాపులో ఆ చోట వేలు పెట్టాను. నీలిరంగు నీటి మీద ఎర్రచుక్క పడింది.

గున్నమ్మ దాన్నే చూస్తూ మెల్లగా అడిగింది. "ఎవులూ సెరపలేరన్నావు కదా. సముద్రం కూడానా?"