ఒక్కరోజు పొడిచేతులు

అతను పట్టుబట్టను బల్లమీద పరిచి, సుద్దతో భుజం గీత గీశాడు. అరచెయ్యి ఎత్తి చూశాడు. బట్టమీద మచ్చ లేదు. మళ్లీ ఆనించాడు. లేదు.

పొద్దున ఆసుపత్రిలో డాక్టరమ్మ ఛాతీకి రెండువైపులా సూదిమందు ఇచ్చింది. చేతులకు చెమట పట్టించే నరం ఒక రోజుపాటు మొద్దుబారి ఉంటుంది. "ఆపరేషన్ చేస్తే చేతులు ఇలాగే ఉండిపోతాయి. కానీ అక్కడ ఆగిన చెమట ఇంకెక్కడైనా పట్టొచ్చు. ఎక్కడో, ఎంతో ఇవాళ చూసుకోండి. కోసిన నరాన్ని మళ్లీ అతికించలేను" అంది. రేపటికల్లా ఏ సంగతీ చెప్పాలి.

పని చేస్తేనే కదా తెలిసేది అని నేరుగా కొట్టుకొచ్చాడు.

"ఏరా, రుమాలు లేకుండానే కోస్తున్నావు?" కొట్టు యజమాని, ముసలి మాస్టారు, కళ్లద్దాల మీదుగా చూశాడు.

"ఇవాళ అవసరం లేదండి."

ఎడమచేతి కింద రుమాలుంటే బట్ట కదలదని పనిలో చేరిన కొత్తలో అబద్ధమాడాడు. అదేదో పనితనం అనుకుని మిగతా దర్జీలూ వేసుకోసాగారు, చివరికి మాస్టారూ. అది చెమట కోసమన్న సంగతి కిటికీ దగ్గర గుండీలు కుట్టే అతని భార్య ఒక్కతికే తెలుసు.

ఆమె దారపు కండె అందించే నెపంతో వచ్చి అతని వేళ్లు పట్టుకుంది. "అబ్బ, కాగితంలా ఉన్నాయి!"

పెళ్లినాటి నుంచీ చెయ్యి తుడుచుకోకుండా ఆమెను తాకలేదు. ఇప్పుడు ఊరికే పట్టుకుని నిలబడ్డాడు, మాస్టారు దగ్గేదాకా.

మధ్యాహ్నం దాటాక వీపు మొదలైంది. ముందు వెన్ను వెంట ఒక ధార. తరవాత పొట్ట, నడుం, తొడలు. ఫ్యాను కిందే ఉన్నా చొక్కా ఒంటికి అంటుకుపోయింది. వంగి అవతలి అంచు కత్తిరిస్తుంటే పొట్ట తగిలి పట్టుమీద మచ్చ పడింది, అరచేతి మచ్చకన్నా పెద్దది. కుట్టులోకి పోయే అంచు కాబట్టి బతికాడు.

"బావిలో పడి లేచొచ్చావట్రా?" అన్నాడు మాస్టారు.

ఇక దాచలేకపోయాడు. అంతా చెప్పాడు, రుమాలు సంగతితో సహా.

మాస్టారు తన చేతికింది రుమాలు వైపు చూసుకున్నాడు. "మిగతావాళ్లకి చెప్పకు. నాకు అలవాటైపోయింది."

అతను స్టూలు మీద కూలబడ్డాడు. భార్య తువ్వాలుతో వీపు తుడిచింది. తుడిచినచోటే మళ్లీ ఊరింది.

"చేతులకైతే రుమాలుంది. దీనికేం వేస్తావు, పరుపా?" అంది తువ్వాలు పిండుతూ.

అతనికి నవ్వొచ్చింది. ఆ ఆపరేషన్ ఒక్కటి చేయించుకుంటే బాగుపడేవాణ్ణని ఇన్నేళ్లూ తనను తానే తిట్టుకున్నాడు. ఇక తిట్టనక్కర్లేదు.

"వద్దులే" అన్నాడు.

"ఆపరేషనా?"

"ఆఁ. నా చెమట నా చేతుల్లోనే ఉండనీ."

"మరి ఊరికే సూదులు పొడిపించుకున్నావుగా."

"పొడిపించుకోకపోతే కోయించుకునేవాణ్ణే."

ఆమె తువ్వాలు అతని భుజాన వేసింది. "పద ఇంటికి. నీళ్లు పోసుకుందువుగాని."

ఇద్దరూ వీధి మలుపు తిరిగారు. కొట్టులో ఖాళీ స్టూలు చెక్కమీద, అతను కూర్చున్నంత మేరా పరుచుకున్న తడి అంచులనుంచి మెల్లగా ఆరుతోంది.