గులాబీరంగు కోటు

క్వోక్ వారి కాబోయే కోడలి ఎర్ర పెళ్ళికోటు మీద ఎనిమిది నెలలు వంగి కూర్చున్నాను. అడుగున దూది పెట్టి, పైన బంగారు తీగ పరిచి అదిమి కుడితేగానీ డ్రాగన్ పొట్ట ఉబ్బెత్తుగా రాదు. దాని ఎదురుగా ఫీనిక్స్ పక్షి. కుట్టు మధ్యలో గుడ్డ గోరంత మించి కనబడకూడదని పెళ్ళికొడుకు తల్లి, క్వోక్ వారి పెద్దావిడ హుకుం. గ్వాంగ్‌జౌలో ఈ పని చేతనైనవాళ్ళం నలుగురైదుగురం మిగిలాం. మాకు పొగరని పేరు. పొగరుంటే ఆవిడ నా కొట్టు గుమ్మం ఎక్కినరోజే పంపేసేదాన్ని.

పెళ్ళి పదిరోజులుందనగా ఆవిడ మళ్ళీ వచ్చింది. వెంట కొడుకు చిహో, పెళ్ళికూతురు యుక్‌సాన్ ఉన్నారు. ఆఖరి కొలతకి వచ్చారనుకుని ముగ్గురికీ టీ పోశాను.

"మాస్టరమ్మా, ఈ ఎరుపు ఒద్దు," అంది పెద్దావిడ, కప్పు ముట్టుకోకుండానే. "ఈ పిల్లకి ఇదివరకే ఓ పెళ్ళయి, విడాకులూ అయ్యాయంట. నాకు మొన్ననే తెలిసింది. గులాబీరంగుది ఉంటే తియ్యి."

"నేను చిహోకి మొదటిరోజే చెప్పాను," అంది యుక్‌సాన్. తల దించలేదు. తల దించాల్సినవాడు ఫోన్‌లోకి దించుకుని వేలితో ఏదో తోస్తున్నాడు.

గులాబీరంగు ఎవరిదో మా వీధిలో అందరికీ తెలుసు. పాతరోజుల్లో ఎరుపు పెద్దభార్యది. ఆ తర్వాత తెచ్చుకున్నది గులాబీరంగు తొడుక్కుని పక్కగుమ్మంలోంచి ఇంట్లోకి రావాలి. ఆ రోజులు పోయాయి, ఆ గుమ్మాలూ పోయాయి. ఈవిడ బుర్రలో మాత్రం ఆ గుమ్మం ఇంకా తెరిచే ఉంది.

"అమ్మా, రంగు కనబడేదే గోరంత కదా," అన్నాను.

"గోరంతైనా ఎరుపు ఎరుపే. మా చుట్టాలేమైనా కళ్ళు మూసుకుని భోజనాలకొస్తారా?"

ఆరేళ్ళ కిందట ఇదే బల్ల మీద ఈ చిహో మొదటి పెళ్ళాం కోటు కుట్టింది నేనే. ఆ పిల్ల రెండేళ్ళు కాపురం చేసి, దణ్ణం పెట్టి వెళ్ళిపోయింది. ఆ సంగతి అక్కడున్న నలుగురికీ తెలుసు. తెలిసీ తల్లీకొడుకులు ఎంత నిబ్బరంగా కూర్చున్నారో చూడండి.

"మరి అబ్బాయి ఛాతీకి కట్టే పట్టుపువ్వు? అది ఎర్రదేనా?"

"వాడికేం? మగాడికి మొదటిదేంటి, రెండోదేంటి?" అంది ఆవిడ. నేనేదో తెలివితక్కువ మాట అన్నట్టు నవ్వింది కూడా.

అంతా విని నేను చేసిన నిర్వాకం ఏమిటంటే, లోపలికెళ్ళి పెట్టె అడుగున దాచిన గులాబీరంగు కోటు తెచ్చాను. కొట్టు నడవాలి కదా. ఇలాంటివాళ్ళు వస్తారని తెలిసే దాన్ని ఉంచుకున్నాను. టేపు తీసి యుక్‌సాన్ భుజాల మీద పరిచాను. నా చేతులంటే నాకే రోత పుట్టింది.

"ఆగు పిన్నీ," అంది యుక్‌సాన్. "చిహో, ఒక్కసారి ఇటు చూడు. నీకూ ఇది రెండోదే కదా. నీ పువ్వు కూడా గులాబీరంగుది కట్టుకో. ఇద్దరం ఒకేలా ఉంటాం. అలాగైతే నేను ఇదే తొడుక్కుంటాను, మనసులో ఏమీ పెట్టుకోను."

అతను వచ్చాక మొదటిసారి తలెత్తాడు. "జనం నవ్వుతారే."

"ఎవర్ని చూసి?"

చిహో ఆలోచించాడు. ఒక్క మంచిమాట అనరా నాయనా అని నేను లోలోపల మొక్కుకున్నాను. అతను తల్లి వైపు చూసి, "అమ్మ ఎలా అంటే అలా," అన్నాడు. మళ్ళీ ఫోన్ తీశాడు.

యుక్‌సాన్ భుజాల మీది టేపు తనే తీసి, చుట్టచుట్టి నా చేతిలో పెట్టింది. "ఇంక కొలవకు పిన్నీ," అంది. తన కప్పులో టీ పూర్తిగా తాగింది. బ్యాగు తీసుకుని వెళ్ళిపోయింది.

"వస్తుందిలే," అన్నాడు చిహో, కుర్చీలోంచి కదలకుండా.

రాలేదు. పెళ్ళి ఆగిపోయిందని వీధిలో విన్నాను. నాలుగోరోజు పెద్దావిడ ఒక్కతే వచ్చింది. కళ్ళు ఉబ్బి ఉంటాయేమో, ఓ మాట ఓదార్పుగా అందామనుకున్నాను. ఆవిడ తిన్నగా ఎర్రకోటు దగ్గరకెళ్ళి డ్రాగన్ పొట్ట నిమిరింది.

"పీడ వదిలింది. దీన్ని విప్పకు, ఎవరికీ ఇవ్వకు. ఈసారి అన్నీ ముందే కనుక్కుని, పెళ్ళికాని పిల్లనే చూస్తాను."

"ఇది యుక్‌సాన్ కొలత అమ్మా."

"అయితే ఏం? ఎవరొస్తే వాళ్ళకి సరిచేద్దువుగాని. భుజాల దగ్గర కాస్త వదులు చేస్తే ఏ పిల్లకైనా పడుతుంది."

ఉమ్మేయాలనిపించింది. నేల నాది కాబట్టి మింగాను.