టేపు కింద నాలుగు

నేను ఒక అంకెను. లెక్కల పుస్తకంలోని అంకెను కాదు. మోటారు సైకిలు హ్యాండిల్ మధ్యన, సగం అగ్గిపెట్టెంత నల్ల డబ్బాలో ఎర్రగా వెలిగే అంకెను. బండి ఏ గేరులో ఉందో చెప్పడం నా ఉద్యోగం. మొదటి గేరయితే ఒకటి, రెండో గేరయితే రెండు, అలా నాలుగు దాకా. ఏ గేరూ పడకపోతే సున్నా. మొత్తం ఐదు మాటలు వచ్చు నాకు. వేల మాటలు వచ్చిన మీతో పోలిస్తే ఇది చిన్న చదువే. అయినా అబద్ధాల విషయంలో మీరు నా ముందు నిలవలేరు.

నేను ఆడిన అబద్ధం ఒక్కటే, అదీ పుట్టిన రోజున. హైదరాబాదు శివారులో ఒక రేకుల షెడ్డులో నన్ను తయారు చేశారు. నాలో ఏడు చిన్న గీతలున్నాయి. వాటిలో కొన్ని వెలిగితే ఒక అంకె, మరికొన్ని వెలిగితే ఇంకో అంకె. తీగలు అతికిన అమ్మాయి, అన్నీ పనిచేస్తున్నాయో లేదో చూద్దామని ఏడింటినీ ఒకేసారి వెలిగించింది. ఎనిమిది కనిపించింది. ఎనిమిది గేర్ల మోటారు సైకిలును నేను ఈనాటికీ చూడలేదు. కానీ ఒళ్లంతా వెలిగిన ఆ క్షణం ఎంత బాగుండిందో చెప్పలేను. ఆమె తల ఊపి నన్ను అట్టపెట్టెలో పడేసింది.

అలా నిర్మల్ చేరాను. బస్టాండు వెనుక హఫీజ్ అనే పెద్దాయన మెకానిక్ షాపులో ఏడాది పైగా మేకుకు వేలాడాను. వచ్చినవాళ్లు హారన్లు కొన్నారు, అద్దాలు కొన్నారు, ట్యాంకు మీద అంటించే పులిబొమ్మలు కూడా కొన్నారు. ఎవరైనా పొరపాటున నా వంక చూస్తే హఫీజే చెడగొట్టేవాడు.

"నీకెందుకు భాయ్? బండి రానోళ్లకు గది. నడిపెటోనికి కాలే మీటరు."

అమ్మేవాడే ఆ మాటంటే ఇక కొనేదెవరు? అందుకే నన్ను బండి నడపని మనిషి కొన్నది. ఆమె పేరు గంగామణి.

గంగామణి భర్త భోజన్న పశువుల వైద్యుడి దగ్గర కాంపౌండరు. కొండ మీది ఘాటుకు కిందా పైనా ఆయన తిరగని ఊరు లేదు. ఆవు ఈనలేకపోయినా, బర్రె మేత మానినా భోజన్న బండి రావాల్సిందే. ముప్పై రెండేళ్ల సర్వీసు. అడవిలోంచి మెలికలు తిరుగుతూ పైకెక్కే పాత ఘాటు రోడ్డును కళ్లకు గంతలు కట్టినా ఎక్కేస్తాడని పేరు. నిర్మల్‌లో సగం మందికి, కాలే మీటరని చెప్పి, బండి నేర్పింది ఆయనే.

అలాంటి భోజన్న బండి కొన్నాళ్లుగా మూలగడం మొదలుపెట్టింది. చదునులో కుదుపులు, ఎత్తులో ఏడుపు. ఆయన నేరమంతా బండి మీద వేశాడు. హఫీజ్ క్లచ్ ప్లేట్లు మార్చాడు, చైను మార్చాడు, చివరికి గేరు బాక్సు విప్పి చూసి, లోపల ఏ రోగమూ లేదని మళ్లీ మూశాడు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది వ్యవహారం. కానీ ఆ మాట భోజన్నతో అనే ధైర్యం ఎవరికుంది? గంగామణి మాత్రం ముప్పై ఏళ్లుగా ఆ వెనక సీటు మీద కూర్చుంటున్న మనిషి. కుదుపు బండిది కాదని ఆమె నడుముకు అనుమానం వచ్చింది. ఒకరోజు షాపులో నన్ను చూపించి, అదేమిటని అడిగింది.

హఫీజ్ చెప్పి నవ్వాడు. "అరే భాభీ, భోజన్నకు గిదెందుకు? నలుగురికి నేర్పినోడాయె!"

"ఆయనకు గాదు, నాకు. ఎనక కూసోని సూస్త," అంది గంగామణి.

ఆ సాయంత్రమే నన్ను బిగించారు. భోజన్న చూసి ఎర్రబడ్డాడు. "ముప్పై రెండేండ్ల సంది నడుపుతున్న. నా కాలుకు తెల్వదా గేరు ఏడున్నదో? నలుగురు సూస్తే నవ్వరా?" అన్నాడు. తెల్లారి నల్ల టేపు తెచ్చి నా ముఖం మీద అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి అంటించాడు. గంగామణి ఊరుకుందంటే ఒప్పుకున్నట్టు కాదని నాకు తర్వాత తెలిసింది.

టేపు కింద చీకట్లో కూర్చుని నేను నా పని చేస్తూనే ఉన్నాను. అప్పుడే ఆయన గుట్టు తెలిసింది. ఆ బండికి గేరు మీట ఎడమ కాలి దగ్గర; ముందువైపు వేళ్లతో తొక్కితే పై గేరు, వెనకవైపు మడమతో తొక్కితే కింది గేరు. భోజన్న మడమతో తొక్కేవాడు, రెండులోకి దిగాననుకునేవాడు. నేను మాత్రం మూడు దగ్గరే ఉండేవాణ్ణి. సగం సార్లు ఆయన తొక్కింది తగలనే లేదు. నాకు కబురు తెచ్చే తీగలు గేరు బాక్సులోంచి వస్తాయి, మనుషుల నమ్మకంలోంచి కాదు.

ఇంకో వింత. ఆయనకు ఎడమ కాలి చెప్పు తరచుగా పోయేది. కుడి చెప్పు ఒక్కదానితో ఇల్లు చేరి, కుక్కలు ఎత్తుకుపోయాయని చెప్పేవాడు. ఎప్పుడూ ఎడమదాన్నే ఎత్తుకుపోయే కుక్కలు నిర్మల్‌లో ఎక్కడున్నాయో ఆయనకే తెలియాలి.

పొలాల అమావాస్య వచ్చింది. ఎడ్లను కడిగి, కొమ్ములకు రంగులేసి, ఊరేగించే పండుగ. ఘాటు పైన ఊళ్లో ఆ రోజు భోజన్నను భోజనానికి పిలవని ఇల్లుండదు. దంపతులిద్దరూ వెళ్లి, కడుపునిండా బూరెలు తిని, మధ్యాహ్నం ఘాటు దిగుతున్నారు. సన్నటి వాన. పెద్ద మలుపు ముందు భోజన్న మడమతో రెండుసార్లు తొక్కాడు. నాలుగులోంచి రెండులోకి వచ్చాననుకుని బండిని వదిలాడు.

నేను నాలుగు మీదే ఉన్నాను. నా ఒంట్లో ఎంత వెలుగుందో అంతా పెట్టి నాలుగు, నాలుగు అని చెబుతున్నాను. టేపు కింద ఎవరికి కనిపిస్తుంది?

కింది గేరులో ఇంజనే పట్టి ఆపుతుందనుకున్న బండి పరుగందుకుంది. ఆయన బ్రేకు బలంగా తొక్కితే వెనక చక్రం జారింది. అదృష్టం బాగుండి లోయవైపు కాక కొండవైపు బురదలోకి ఒరిగాం. గంగామణి పొదలో పడింది. మోచేయి గీరుకుపోయింది. లేచి చీర దులుపుకుని భర్త దగ్గరికి వచ్చి, ఆయన కాళ్లవైపు చూసి ఆగిపోయింది.

"నీ చెప్పేదయ్యా?"

"ఏ చెప్పు?"

భోజన్న కిందికి చూశాడు. ఎడమ కాలు బోసిగా ఉంది. మడమ చీలి నెత్తురు కారుతోంది. అది ఆయనకు తెలియలేదు. భార్య చూపించేదాకా తెలియలేదు. నాకు ఏడుపొచ్చింది. ఏడవడానికి నాకు అంకె లేదు.

రెండేళ్ల కింద ఒక బర్రె భోజన్న ఎడమ పిక్క మీద తన్నింది. నెల రోజులు సలిపి, తర్వాత నొప్పి పోయింది. పోయిందని సంతోషించాడే గానీ, దానితో పాటు ఇంకేం పోయిందో చూసుకోలేదు. "కాలు పని చేస్తుంది, కబురు మాత్రం పంపదు. స్పర్శ తెచ్చే నరం దెబ్బతింది," అన్నాడు కాలు చూసిన డాక్టరు.

భోజన్న బండికి పాత దుప్పటి కప్పేశాడు. ఊళ్లనుంచి ఫోన్లు వస్తే అరుగు మీద కూర్చునే మందు పేరు చెప్పేవాడు. పశువును ముట్టుకోకుండా వైద్యం చెప్పాల్సి వచ్చినప్పుడల్లా ఆయన గొంతు మారిపోయేది. రెండు నెలలకు ఒకరోజు, "బండి అమ్మేస్తనే. ఇగ నాతోని కాదు," అన్నాడు. మనిషి ఓడిపోతే ఎలా ఉంటాడో దుప్పటి కింద నుంచే నాకు తెలిసింది.

గంగామణి దుప్పటి లాగింది. నా ముఖం మీద టేపును గోటితో గీకి, పమిట చెంగుతో తుడిచి, తాళం తిప్పింది. టేపు పడ్డాక మొదటిసారి వెలుతురు చూశాను. సున్నా చూపించాను.

"కన్ను మసకవడితే అద్దాలు వెట్టుకున్నవు గద. అప్పుడు రాని సిగ్గు కాలుకెందుకయ్యా?" అంది.

మర్నాడు భోజన్న డాక్టరు దగ్గరికి వెళ్లాడు. బ్రేకు తొక్కే కుడి కాలికి ఏ లోటూ లేదు గనక, గట్టి బూట్లు బిగించుకుని, ముందు మైదానంలో అలవాటు చేసుకుని నడపొచ్చని డాక్టరు అన్నాడు. ఊరికంతా బండి నేర్పిన మనిషి, తాను నేర్పిన కాలేజీ మైదానంలోనే, తాను నేర్పినవాళ్లు చూస్తుండగా మళ్లీ మొదటి గేరు నుంచి నేర్చుకున్నాడు. తొక్కడం, నన్ను చూడడం, తొక్కడం, నన్ను చూడడం. ఆయన దగ్గరే నేర్చుకున్న ఒకాయన గట్టు మీద నుంచి ఎగతాళి చేశాడు.

"మాకు కాలే మీటరంటివి! నీకే అంకెలు గావాల్సొచ్చెనా అన్నా?"

ఇదివరకటి భోజన్నయితే ఆ మాటకు బండి తిప్పుకుని ఇంటికెళ్లేవాడు. ఈ భోజన్న బండి ఆపి, నవ్వి, "కాలుకు తెల్సినన్ని దినాలు తెలుస్తది తమ్మీ," అన్నాడు. గట్టు మీద నవ్వు ఆగిపోయింది. అక్కడే ఉన్న హఫీజ్ తల వంచుకుని తన ఎడమ కాలి వంక చూసుకోవడం నేను కళ్లారా చూశాను.

పదిహేను రోజులకు ఘాటు పైనుంచి ఫోను వచ్చింది. బర్రె ఈనలేక పొద్దుటినుంచి నిలబడలేకపోతోంది, దూడ అడ్డం తిరిగింది, పశువుల డాక్టరు సెలవులో ఉన్నాడు. మందు పేరు చెప్పి ఊరుకునే పని కాదు, చెయ్యి పెట్టి తిప్పాల్సిన పని. భోజన్న బూట్లు బిగించాడు. గంగామణి సంచీ పట్టుకుని వెనక ఎక్కింది.

ఘాటు ఎక్కాం. మలుపుకు మూడు, ఏటవాలుకు రెండు, మరీ నిటారుగా ఉన్నచోట ఒకటి. బండి ఒక్కసారి కూడా మూలగలేదు. దానికి ఏ రోగమూ లేదని హఫీజ్ ఎప్పుడో చెప్పాడు కదా! ఊళ్లోకి వెళ్లేసరికి జనం దారిచ్చారు. కొట్టంలోకి వెళ్లిన భోజన్న గంటసేపటికి మోచేతుల దాకా తడిసి బయటికొచ్చాడు. వెనకాలే బర్రె అరుపు, దూడ అరుపు వినిపించాయి. ఇంటావిడ ఏడుస్తూ నవ్వుతూ ఆయన చేతుల మీద నీళ్లు పోసింది.

తిరిగి ఘాటు దిగుతున్నాం. మంచి ఎండ. ఆ పెద్ద మలుపు వచ్చింది. భోజన్న మడమతో తొక్కాడు. వెనక గంగామణి చెయ్యి ఆయన భుజాన్ని గట్టిగా పట్టుకోవడం అద్దంలో కనిపించింది.

"ఎంతల ఉన్నమే?" అన్నాడు భోజన్న.

"నన్నడుగుతవేంది? నీ ముంగట్నే ఉన్నది, సూడు."

ముప్పై రెండేళ్ల అనుభవం నా ముందు తల వంచింది. చూసింది.

"రెండు!" అని అడవంతా వినబడేలా అరిచాడు. ఇంజను బండిని పట్టి ఉంచింది. మేము ఆ మలుపును పెళ్లి ఊరేగింపంత నిదానంగా దిగాం. గంగామణి చెయ్యి వదులైంది. ఇద్దరూ నవ్వుకుంటున్నారు.

ఆ క్షణాన నాకు ఏడు గీతలూ ఒక్కసారే వెలిగించి ఎనిమిది చూపించాలనిపించింది. చూపించలేదు. రెండే చూపించాను. ఎందుకంటే బండి రెండులోనే ఉంది.